అద్దె కట్టాల్సిన గేదె

మనిషి మునగడానికి సముద్రం కావాలని ఎవరన్నారో గాని, వాళ్ళు ఎప్పుడూ విరుదునగర్‌లో గేదెను కట్టి ఉండరు. నేను కట్టాను. మునిగాను. నాతోపాటు ఏ పాపమూ ఎరుగని ఇద్దరు స్నేహితుల్ని కూడా ముంచాను. చివరికి తేలావా అంటారా? తేలాను. ఏ వేషంలో తేలానో చెప్పడానికే ఈ వయసులో సిగ్గు విడిచి కూచున్నాను. మా ఇంటావిడ ఇది రాయొద్దంది. అందుకే రాస్తున్నాను.

మాది కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి పల్లె. మా బడిలో చదువు అయిదో తరగతితో ఆగిపోతే, పై చదువుకు నన్ను విరుదునగర్ పంపారు. అక్కడ ముగ్గురం కలిసి ఒక ఇంట్లో అద్దెకుండి, వండుకుని తింటూ చదువుకునేవాళ్ళం. ఒకణ్ణి నేను, రంగసామిని. రెండోవాడు జ్ఞానముత్తు, కోవిల్‌పట్టి మిల్లు కార్మికుడి కొడుకు. ఆదివారం చర్చిలో పాడే గొంతును మిగిలిన ఆరు రోజులూ మా చెవుల మీద సాధన చేసేవాడు. మూడోవాడు అళగిరి, అరుప్పుకోట్టై నేతగాళ్ళ పిల్లవాడు. మా ముగ్గురిలో చదువు అంటిందంటే వాడికే. “ఈ ఏడు పరీచ్చలో గెలిస్తే సరి, లేకుంటే మగ్గం కాడికి వచ్చెయ్” అని వాళ్ళ నాయన తేల్చి చెప్పాడు. వాడికేమో బళ్ళో పంతులు కావాలని ఆశ. పరీక్ష అయ్యేదాకా తలమీద ఒక కప్పు, ముందర ఒక దీపం, అంతకుమించి వాడేమీ అడగలేదు.

ఆ కప్పు గోపాలసామి మామది. మావైపు మనిషే, పత్తి వ్యాపారానికొచ్చి విరుదునగర్‌లో స్థిరపడ్డాడు. నిజంగా ఏ వరసో ఎవరికీ తెలియదు గాని అందరం మామ అనేవాళ్ళం. పెళ్ళికాని కుర్రాళ్ళకు ఆ ఊళ్ళో ఎవరూ ఇల్లివ్వరు. మామ ఒక్కడే తన ఇంటి వెనక భాగం ఇచ్చాడు, అదీ రెండు షరతుల మీద.

“రెండే మాటలు చెప్తాండా, చెవిలో పెట్టుకోండి. నెల పుట్టిన దినం వాడగ నా చేతికి రావాల. ఇంకోటి, ఈ ఇంటిలోపల ఆడమనిషి నీడ పడకూడదు. పెండ్లి కాని పిల్లోళ్ళకు ఇల్లిచ్చినాడే అని వీది మొత్తం నన్నే చూస్తాండాది. రెండిట్లో ఏది తప్పినా మీ మూటలు వీదిలో ఉంటాయి.”

వాడగ అంటే అద్దె. ఆడమనిషి నీడ గురించి మాకు భయమేమీ లేదు. మా వంట వాసనకు ఆ దరిదాపుల్లోకి పిల్లి కూడా వచ్చేది కాదు. బాధంతా అద్దెతోనే.

ఇంటి ఖర్చు చూసే పెత్తనం మొదట జ్ఞానముత్తుది. వాడి చేతిలో డబ్బు తిన్నగా కాఫీ క్లబ్బు దారి పట్టేది. అందుకని వాణ్ణి దించి నన్ను ఎక్కించారు. ఎక్కగానే నేను ఖర్చులన్నీ ముందేసుకుని వైద్యుడిలా నాడి పట్టాను. అద్దె తగ్గదు. కట్టెలు, దీపంనూనె తగ్గవు. ఆ ఊళ్ళో బావులన్నీ ఉప్పు, తాగే నీళ్ళు బండిమీద వస్తే కుండల లెక్కన కొనుక్కోవాలి, అదీ తగ్గదు. మిగిలింది పాలు. పెరుగు లేని కూడు నాకు గొంతు దిగదు కాబట్టి పాలామెకు ఇచ్చేది అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది. పెరుగు మానేస్తే సరిపోయేది. కాని తన నోరు కట్టుకుని ఖర్చు తగ్గించడం సామాన్యులు చేసే పని. నేను మేధావిని.

“ఒరే, పాలు కొనుక్కొనేవోడు బిచ్చగాడు, ఎనుము కట్టుకొన్నోడు మొదలాళి. మా ఊరినుంచి ఎనుమును తెస్తా” అన్నాను. గేదెను మేము ఎనుమంటాం, యజమానిని మొదలాళి అంటాం.

అళగిరి పుస్తకంలోంచి తలెత్తాడు. “మేత?”

“పత్తిగింజలు, చొప్ప, అంతా మా నాయన బండిలో వచ్చి పడతాది.”

“పేడ?”

“పిడకలు తట్టి పొయ్యిలో పెడితే కట్టెల కర్చు కూడా మిగులే కదరా!”

“పితికేది ఎవురు?”

“నేను. పల్లెటూరోణ్ణి, నాకు నేర్పిస్తావా పితికేది? మనం తాగింది పోను మిగిలింది వీదిలో అమ్మితే ఎనుమే మన వాడగ కడతాది.”

పాఠకులకు ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. అప్పటిదాకా నేను గేదె పాలు తాగడమే గాని పితికిన పాపాన పోలేదు. ఇంకొకటి, అళగిరి అన్నీ అడిగాడు గాని అది తాగే నీళ్ళ సంగతి అడగలేదు. వాడు నేత ఇంట్లో పుట్టాడు, వాణ్ణి అనుకుని లాభం లేదు. గేదెల మధ్య పుట్టిన నాకే తట్టలేదు. మా పల్లెలో చెరువుకు తోలితే అదే తాగి వచ్చేది. గేదెకు దాహం ఉంటుందని తెలుసు, విరుదునగర్‌లో నీళ్ళకు వెల ఉంటుందనీ తెలుసు, రెండూ కలిపి కూడటమే రాలేదు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పొదుగు లేదు పాలు లేవు గాని నేను వెళ్ళి పాలామెను మాన్పించేశాను. ఆ నెల అద్దె డబ్బుతో పెరట్లో తాటాకు పాక వేయించి, కుడితి తొట్టి కొని, మామ దగ్గరికి వెళ్ళాను.

“మామా, ఈ నెల వాడగ కొంచెం ఓర్చుకోండి. వచ్చే నెల రెండూ చేర్చి ఇస్తాము.”

“యాడనుంచి తెస్తావు?”

“ఎనుము ఇస్తాది మామా.”

మామ నన్ను నెత్తినుంచి పాదాలదాకా చూశాడు. “ఎనుము వాడగ ఇస్తాది. సరి. ఇయ్యకుంటే ఎనుముతో చేర్చి మీ ముగ్గురూ వీదిలో ఉండాల. పరీచ్చ అదీ ఇదీ అని నా కాడ ఏడవకూడదు.”

ఊళ్ళో మా అమ్మ ఒప్పుకోలేదు. ఆ గేదె పేరు వెండి. కాకిని నలుపులో ఓడించే ఒళ్ళు దానిది. అమ్మకు నాకన్నా అదే ఎక్కువ, ఎందుకంటే అది ఎదురు మాట్లాడదు.

“నా చెయ్యి కాకుంటే అది చేపదురా. మీ నాయన పోతేనే కాలు ఎత్తుతాది” అంది. చేపడమంటే పొదుగులోకి పాలు దించడం.

“అమ్మా, నేను జామెట్రీ చేసేవాణ్ణి. ఎనుముకు చెప్పుకోలేనా?”

అమ్మ జామెట్రీ అంటే ఏదో పెద్ద విద్య అనుకుని ఊరుకుంది. నాయన వెండినీ దూడనూ సాత్తూరు మీదుగా నడిపించుకుని తెచ్చి కట్టేసి వెళ్ళాడు. గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ అంటారు. ఆ వేళ ఎలాంటిదో సాయంత్రానికే తెలిసింది.

వెండి ఉప్పునీళ్ళు వాసన చూసి మొహం తిప్పుకుంది. మంచినీళ్ళ కుండ పెట్టాను. ఒక్క గుక్క. రెండో కుండ పెట్టాను. తల ఎత్తి, ఇదేనా మీ మర్యాద అన్నట్టు చూసింది. మరుసటి రోజు నీళ్ళబండివాడు మా గుమ్మం ముందే ఆగిపోయాడు, ఇక ఆపైన అతనికి వీధి తిరిగే పని లేకపోయింది. తాగడం ఒక ఎత్తు, మధ్యాహ్నం ఎండకు దానికి స్నానం ఒక ఎత్తు. ఒంటిమీద నీళ్ళు పొయ్యకపోతే కన్నీళ్ళు పెట్టుకుని అరిచేది. మేము ముగ్గురం ఉప్పునీళ్ళతో ముఖం కడుక్కుంటూ మంచినీళ్ళతో దానికి వీపు రుద్దాం. గేదెను నీళ్ళలో పెట్టి బేరం చేసినట్టు అని సామెత. నేను నీళ్ళను గేదెలో పెట్టి బేరం చేశాను.

పోనీ పాలన్నా ఇచ్చిందా? దూడ మూతి పెట్టగానే ధారాళంగా చేపేది. దూడను లాగి నేను కూచోగానే బిగబట్టేది. గట్టిగా పట్టుకుంటే తన్నేది. జ్ఞానముత్తు దాని చెవి దగ్గర నిలబడి కీర్తన ఎత్తుకున్నాడు, తాడు తెంచుకుంది. అళగిరి మాత్రం దూరంగా నిలబడి, “రంగసామీ, నెల పుట్టేదానికి ఎక్కువ దినాలు లేవు” అన్నాడు. అంతే అన్నాడు. వాడు అరిచి తిట్టి ఉంటే బాగుండేది.

మా ఊరి బండివాడి ద్వారా అమ్మకు కబురు పంపాను. నీ పాత కోక ఒకటి పంపు, ఎందుకని అడక్కు అని. మావైపు గేదెలకు ఇది మామూలే. పితికే ఆడమనిషి ఊరికి వెళ్తే మగవాడు ఆమె చీర మీద కప్పుకుని కూచుంటాడు. అమ్మ ఎర్రచుంగుడి చీర వచ్చింది. భుజాన కప్పుకుంటే వెండి నమ్మలేదు. నడుముకు చుట్టుకుంటే ఆలోచించింది. చివరికి కుచ్చెళ్ళు పోసి, కొంగు నెత్తిమీదికి లాక్కుని, సంతలో కొన్న గాజులు గలగలలాడిస్తూ, అమ్మ గొంతుతో “రావే నా తల్లీ, నా బంగారూ” అన్నాక చేపింది చూడండి, చెంబు నిండి బొర్లింది! జ్ఞానముత్తు కన్నీళ్ళు వచ్చేలా నవ్వాడు. “తంబీ, ఇంత అందంగా ఉండావే, ఇన్ని దినాలు దాచిపెట్టితివే!” అన్నాడు.

ఇక రోజూ తెల్లారకముందే లేవడం, చీర కట్టడం, పితకడం, చీర విప్పడం, చొక్కా తొడిగి పాలమ్మడం. పాలు అమ్మిన డబ్బు నా చేతిలో పడటం, నేను దాన్ని నీళ్ళబండివాడి చేతిలో పెట్టడం. అద్దెకు మిగిలేది మాత్రం ఏమీ లేదు. ఈలోగా పక్కింటి ముసలమ్మ ఊరుకుంటుందా? దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం. మామ దగ్గరికి వెళ్ళి, “నీ ఇంటి పిల్లోళ్ళు యోగ్గులు కారు. తెల్లవారే ముందర లోపల గాజుల సద్దు వినబడతాది” అని చెప్పింది.

నెల పుట్టిన రోజు తెల్లవారుజామున నేను సగం చెంబు పితికి ఉన్నాను. పెరటి వాకిట్లోంచి గొంతు వినిపించింది. “ఎవురమ్మా అది?”

మామ! నా చెయ్యి ఆగిపోయింది. పలికితే మగగొంతు, పలక్కపోతే ముగ్గురికీ వీధి. కొంగు మొహం మీదికి లాక్కుని, పుట్టినప్పటినుంచి అమ్మ దగ్గర తిన్న తిట్లనన్నిటినీ గొంతులోకి తెచ్చుకుని అన్నాను. “నేనే తమ్ముడా, రంగసామి అమ్మను.”

మామ చటుక్కున అటు తిరిగిపోయాడు. పరాయి ఆడమనిషి వంక చూసే రకం కాదు పాపం. “అక్కవా? తప్పు, తప్పు! నేను వేరే మాదిరి తలచితిని. అమ్మను కూడానా నేను వద్దన్నది? ఎప్పుడు వస్తివి?”

“రాత్రి తమ్ముడా.”

వెళ్ళిపోతాడనుకున్నాను. మాకు వీపు పెట్టి తీరుబడిగా గట్టుమీద కూచున్నాడు.

“వచ్చింది మంచిదాయె. నీ కొడుకు సంగతి రెండు మాటలు చెప్పాల అక్కా. వానికి నోరు ఉండేంత బుర్ర లేదు.”

“అవును తమ్ముడా.”

“ఎనుము వాడగ ఇస్తాదని నా మొకం చూసి చెప్పినాడు. యాడనన్నా వినిండావా ఇట్టా కత?”

“లేదు తమ్ముడా.”

“అగపడినప్పుడంతా చెవి పట్టి తిప్పుదామని ఉంటాది.”

“తిప్పు తమ్ముడా” అన్నాను. ఏం చెయ్యమంటారు? అమ్మయితే సరిగ్గా అదే అనేది.

మామ కాస్త మెత్తబడ్డాడు. “నేను రాతిగుండె కాను అక్కా. ఆ నేతోళ్ళ పిల్లోడు దీపం కాడ కూచొని చదివేది దినమూ చూస్తాండా. వాణ్ణి వీదిలో పెట్టేదానికి నాకు మనసు రాదు. అయితే చెప్పిన మాట ఒకటుండాది కదా. పత్తి ఎత్తినప్పుడు వాడగ వచ్చి చేరతాదని నువ్వు ఒక మాట చెప్పు. వాళ్ళ నోటి మాట నాకు వద్దు, నీ మాట చాలు. పరీచ్చ అయ్యేదాకా నోరు తెరవను.”

మేము అడుగుతున్న వరం అదే. మా పొలంలో ఇంకా కాయ కూడా పగలని పత్తిని, ఊళ్ళో నిద్రపోతోందనుకున్న మా అమ్మ పేరుమీద తాకట్టు పెట్టేశాను. “మాట ఇస్తిని తమ్ముడా.”

“చాలు అక్కా” అని మామ వెనక్కి తిరిగి చూడకుండా లేచి వెళ్ళిపోయాడు.

లోపలికి పరిగెత్తాను. తలుపు చాటునుంచి అంతా విన్న జ్ఞానముత్తు నన్ను ఎత్తుకుని తిప్పాడు. అళగిరి ఆ నెలలో మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వు చూసేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు. చీర కూడా విప్పకుండా కొంగు భుజాన వేసుకుని, మామలాగా పొట్ట ముందుకు పెట్టి నడుస్తూ, “వాళ్ళ నోటి మాట నాకు వద్దు అక్కా, నీ మాట చాలు” అని ఒకసారి, “తిప్పు తమ్ముడా” అని ఒకసారి, రెండు గొంతులతో నాటకం ఆడాను. మొదట పడీపడీ నవ్వారు. తర్వాత ఎందుకో ఇద్దరి నోళ్ళూ తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే ఉండిపోయాయి.

వెనక్కి తిరిగాను. గుమ్మంలో మామ. మామ పక్కన మా అమ్మ.

జరిగిందేమిటంటే, చీర కబురు అందినప్పటినుంచి అమ్మకు వెండి మీద బెంగ పట్టుకుంది. కోవిల్‌పట్టిలో రైలెక్కి ఆ పొద్దున్నే విరుదునగర్‌లో దిగింది. వీధి మొదట్లో మామ ఎదురై, “ఏమక్కా, అంతలోపల యాడికి పోయి వస్తాండావు?” అన్నాడట. “యాడికి పోయేది? ఇప్పుడే రైలు దిగి వస్తాండా తమ్ముడా” అందట అమ్మ. అయిపోయింది. ఇద్దరూ కలిసి వచ్చి, గుమ్మంలో నిలబడి, నా నాటకమంతా చూశారు.

అళగిరి మేకుకు తగిలించిన చొక్కా తీసి, పుస్తకాల మీద పెట్టి, మూట కట్టడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా అదంతా నాకు ఆటే. వాడికి కాదు. భోరున ఏడుస్తూ మామ కాళ్ళమీద పడ్డాను. “మామా, తప్పంతా నాదే. నన్ను తరమండి, వాళ్ళను ఉండనీయండి!” ఎర్రచుంగుడి చీరలో, గాజులు గలగలమంటుండగా, మీసాలు మొలుస్తున్న మొహంతో మనిషి నిజంగా ఏడ్చినా ఎవరికీ జాలి కలగదు. మామ పెదవి బిగించి గోడవైపు చూశాడు.

అమ్మ అడిగింది. “తమ్ముడా, వీడు నీకు ఏమి మాట ఇచ్చినాడు?”

“పత్తి ఎత్తినప్పుడు వాడగ వస్తాదని.”

“నా పేరు చెప్పినాడా?”

“నీ పేరు, నీ గొంతు, నీ కోక. అంతా నీదే.”

అమ్మ నా వంక చూసింది. తర్వాత అళగిరి చేతిలో మూట చూసింది. “నా కోక కట్టుకొని చెప్పిన మాట నా మాటే తమ్ముడా. పత్తి ఎత్తిన దినమే దుడ్డు వస్తాది. పిల్లోళ్ళను పరీచ్చ రాయనీ.” అళగిరి దగ్గరికి వెళ్ళి, “మూట విప్పు అయ్యా” అంది.

“సరి అక్కా. అయితే ఎనుము ఈ పొద్దే పోవాల” అన్నాడు మామ.

అమ్మ పెరట్లోకి వెళ్ళి పలుపు విప్పి, “రావే వెండీ” అంది. రైలు ప్రయాణానికని అమ్మ ఆ రోజు నీలిరంగు కొత్తచీర కట్టుకుంది. వెండి దాన్ని వాసన చూసి, ముక్కు ఎగబీల్చి, అమ్మను దాటుకుని వచ్చి నా కొంగు నాకింది. అమ్మ మొహం మాడిపోయింది. ఎత్తి పెంచిన చెయ్యి ఎవరిదో దానికి గుర్తేలేదు!

నేను గబగబా కుచ్చెళ్ళు విప్పబోయాను. “ఇదిగోమ్మా, నీ కోక నువ్వు కట్టుకో.”

“నువ్వు కట్టుకొని చెరిపిన కోకను నేను కట్టుకొనేనా?” అంది అమ్మ. “మాట నేను మోస్తా. కోక నువ్వు మొయ్యి. నడువు.”

“ఊరిదాకానా అమ్మా?”

జవాబు మామ చెప్పాడు, ఈసారి వీపు తిప్పకుండా, కండ్లారా చూస్తూ. “నడువు అక్కా, పొద్దు ఎక్కుతాంది.”

నడిచాను. విరుదునగర్ నడిబజార్లో, బడికి పోతున్న నా తరగతి పిల్లలందరి ఎదుట, ముందు నేను, నా వెనక వెండి, దాని వెనక దూడ. సాత్తూరు దాటి, కోవిల్‌పట్టి వీధుల్లోంచి మా పల్లెదాకా. అమ్మ మాత్రం హాయిగా రైల్లో వెళ్ళింది. మళ్ళీ పరీక్షలకు తిరిగొస్తే బళ్ళో నన్ను రంగసామి అన్నవాడు లేడు. అళగిరి పరీక్షలో గెలిచి, పంతులయ్యాడు. నేను కూడా గట్టెక్కాను, లెక్కల్లో ఎలాగో మాత్రం అడక్కండి.

కనుక ఇప్పుడు కోవిల్‌పట్టిలో కాపురముంటున్న నేను, భార్యాబిడ్డల సాక్షిగా, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇంటి ఖర్చు తగ్గించడానికి దాహం వేసే ప్రాణిని దేన్నీ తీసుకురాను. మా ఆవిడకు చీర కొంటానే గాని కట్టను. ఎవరెంత ప్రేమగా “అక్కా” అని పిలిచినా వెనక్కి తిరగను. మొదటి రెండూ ఇన్నాళ్ళూ నిలబెట్టుకున్నాను. మూడోది మాత్రం, మా స్టేషన్లో అళగిరి పంతులు రైలు దిగిన ప్రతిసారీ తప్పుతోంది.